కాగితం తెచ్చినవాడి మేజోళ్లు

2010 డిసెంబరు 7న నేనొక శీర్షిక పెట్టాను. అప్పటికి మా పత్రికలో అంతర్జాతీయ పేజీ చూస్తూ పదకొండేళ్లయింది. లండన్‌లో వికీలీక్స్ వ్యవస్థాపకుడు జూలియన్ అసాంజే పోలీసులకు లొంగిపోయాడని మధ్యాహ్నం మూడు దాటాక ఏజెన్సీ వార్త వచ్చింది. స్వీడన్‌లో ఇద్దరు మహిళలు చేసిన లైంగిక ఆరోపణల మీద వారెంటు అది. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు అమెరికా దౌత్య కేబుళ్లను వికీలీక్స్ బయటపెట్టడం మొదలుపెట్టింది. మొత్తం 2,51,287. ఇంత గొడవ నడుస్తుండగా ఈ ఫిర్యాదు ఎక్కడినుంచి ఊడిపడిందని డెస్క్‌లో అందరికీ అనుమానమే. నాకూ అనుమానమే. ‘వలపు వలలో వికీలీక్స్ వీరుడు?’ అని కొట్టాను. చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి తప్పులేదనుకున్నాను. షిఫ్టు ఇన్‌ఛార్జి చూసి బాగుందన్నారు. నాలుగు కాలాల్లో వేశాం.

ఆ ఇద్దరూ పోలీసుల దగ్గరికి వెళ్లింది ఆగస్టులో. కేబుళ్ల కంటే మూడు నెలల ముందు. ఏజెన్సీ కాపీలో ఆ ముక్క స్పష్టంగా ఉంది. నేను దాన్ని నాలుగో పేరాలోకి తోశాను. శీర్షికకు అడ్డం వస్తుందని.

రిటైరయ్యాక విజయవాడలో జర్నలిజం విద్యార్థులకు అప్పుడప్పుడు క్లాసులు చెబుతున్నాను. వికీలీక్స్ మాట వచ్చినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే. ‘మేడమ్, ఇంతకీ ఆయన మంచోడా, చెడ్డోడా?’ పిల్లల్ని అని లాభం లేదు. పెద్ద పెద్ద పత్రికల సంపాదకులు, ప్రభుత్వాలు, మంత్రులు, ఆయన పక్కన కూర్చుని పనిచేసినవాళ్లు పదిహేనేళ్లుగా కొట్టుకుంటున్నది ఆ ప్రశ్న దగ్గరే. ప్రశ్నే తప్పుచోట పెట్టాం అంటాను నేను. నా శీర్షికతో సహా.

న్యూయార్క్ టైమ్స్‌కు అప్పట్లో ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ బిల్ కెల్లర్. 2011 జనవరిలో ఆయన అసాంజేతో తమ పత్రిక వ్యవహారం గురించి పెద్ద వ్యాసం రాశారు. తమ విలేకరి లండన్‌లో అసాంజేని మొదటిసారి చూసినప్పటి వర్ణన అందులో ఉంది. మాసిన తెల్లచొక్కా, వెలిసిన కోటు, అరిగిన బూట్లు, చీలమండల మీదికి జారిపోయిన మురికి మేజోళ్లు. రోజుల తరబడి స్నానం చేయని వాసన. నాకు ఆ వ్యాసంలో మిగతాదంతా మసకబారింది కానీ ఆ మేజోళ్లు మాత్రం కళ్లముందే ఉన్నాయి. ఆయన తెచ్చిన అఫ్గాన్ యుద్ధ పత్రాలను మొదటి పేజీలో వేసిన పత్రికే, ఆర్నెల్లు తిరిగేసరికి ఆయన మేజోళ్ల దగ్గర ఆగి చూసింది. అసత్యం రాశారని నేననను. చూసిందే రాశారు. కానీ చదివినవాళ్ల మనసులో పత్రాలు పక్కకు జరిగి, మనిషి వాసన ముందుకొచ్చింది.

ఆయన తెచ్చినవాటిలో ఏముందో ఒక్కటి చెబుతాను. 2007 జులై 12, బాగ్దాద్. అమెరికా అపాచీ హెలికాప్టర్ వీధిలో ఉన్న మనుషుల మీద కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్లలో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, డ్రైవర్ సయీద్ చమఘ్ ఉన్నారు. నమీర్ వయసు 22. గాయపడిన వాళ్లను ఎక్కించుకోవడానికి ఒక వ్యాన్ వస్తే దాన్నీ కాల్చారు. వ్యాన్‌లో ఇద్దరు పిల్లలు. పిల్లలు గాయాలతో బతికారు, తండ్రి పోయాడు. హెలికాప్టర్‌లోంచి తీసిన వీడియో కావాలని రాయిటర్స్ అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడిగింది. ఇవ్వలేదు. దాదాపు మూడేళ్ల తరువాత, 2010 ఏప్రిల్ 5న, వాషింగ్టన్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో అసాంజే దాన్ని ప్రపంచానికి చూపించాడు. సైన్యంలో ఇంటెలిజెన్స్ విశ్లేషకురాలిగా పనిచేసిన చెల్సీ మానింగ్ ఇచ్చిన వీడియో అది. రాయిటర్స్ తీగ మీద బాగ్దాద్ నుంచి వచ్చే ఫొటోలు ఏళ్ల తరబడి మా పేజీలో వాడినదాన్ని నేను. ఫొటో కింద సన్నటి అక్షరాల్లో ఉండే పేరును పేజీ పెట్టే తొందరలో ఎన్నిసార్లు కత్తిరించి ఉంటానో. ఆ వీడియో చూసిన రోజు మాత్రం ఆ అక్షరాల వెనక ఒక మనిషి ఉన్నాడని తెలిసింది. చట్టప్రకారం అడిగితే దొరకనిది, మురికి మేజోళ్ల మనిషి తెచ్చాడు.

ఇక్కడ మా చిన్న మావయ్య గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

మా అమ్మకు తమ్ముడు. ఊళ్లో ఆయనతో మాట పడనివాళ్లు లేరు. మా అమ్మమ్మ చివరి మూడేళ్లు మా ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో మంచం మీద గడిపింది. మావయ్య చూడ్డానికి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి పొలం కాగితాల మీద వేలిముద్ర కోసం. 2004లో అమ్మమ్మ పోయింది. ఆయన తన కొడుక్కి ఉపాధి హామీలో ఫీల్డ్ అసిస్టెంట్ పని అడిగితే ఇవ్వలేదు. ఆ కక్షతో 2009లో మండలం ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. మండల స్థాయిలో రుసుం అయిదు రూపాయలే. ఊళ్లో చెరువు పూడిక పనికి వేసిన మస్టర్ల నకళ్లు కావాలన్నాడు. ‘నీకెందుకయ్యా ఇవన్నీ?’ అని అక్కడివాళ్లు కూర్చోబెట్టి అడిగారట. మా మావయ్య ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కానీ, తెల్లకాగితం మీద ‘సెక్షన్ 6(2)’ అని రాసి బల్ల మీద పెట్టి వచ్చాడు.

ముప్పై రోజులకు కాదు, మూడు నెలలకు ఇచ్చారు. ఆ మస్టర్లలో చచ్చిపోయినవాళ్ల పేర్లు ఏడు దొరికాయి. అందులో మా అమ్మమ్మ పేరు ఒకటి. అయిదేళ్ల కిందట మేం కృష్ణలో అస్థికలు కలిపిన మనిషి ఆ వేసవిలో నలభై రెండు రోజులు చెరువులో మట్టి తవ్వింది. పేరుకు ఎదురుగా వేలిముద్ర కూడా ఉంది.

ఊళ్లో జనం ఏమన్నారో మా అమ్మ చెప్పింది. ‘తల్లికి ముద్ద పెట్టనోడు ఊరి లెక్కలు అడుగుతాడా?’ న్యాయమైన మాటే. మా అమ్మ కూడా ఆయనతో చచ్చేదాకా సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఆ మస్టరు నకలు తెప్పించుకుని బీరువాలో దాచుకుంది. ‘వాడు మంచోడని నేనెప్పుడన్నా అన్నానా? కానీ ఇందులో ఉన్నది మా అమ్మ పేరే కదే’ అంది నాతో. సామాజిక తనిఖీవాళ్లు వచ్చినప్పుడు ఆ ఏడు పేర్లూ గ్రామసభలో మైకులో చదివారు. కొంత డబ్బు తిరిగి కట్టించారు. కట్టినవాళ్లలో ఒకాయన మావయ్య కక్షసాధింపుకే ఇదంతా చేశాడని సభలోనే లేచి చెప్పాడు. కక్షతోనే చేశాడు. అందులో అబద్ధమేముంది? మా అమ్మమ్మ మట్టి తవ్వలేదన్నదీ అబద్ధం కాదు.

2005 నాటి మన చట్టంలో ఆ 6(2) చాలా చిన్న వాక్యం. సమాచారం అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్పనక్కర్లేదు, జవాబు పంపడానికి కావలసినవి తప్ప అతని సొంత వివరాలేవీ అడగకూడదు. అంతే. ఆ వాక్యం రాసినవాళ్లకు ఊళ్లు తెలుసు. ఊళ్లో లెక్క అడిగేవాడు ఎప్పుడూ మచ్చలేని మనిషి కాడని, మచ్చలేని మనుషులు సాధారణంగా అరుగు దిగి రారని తెలుసు. కారణం చెప్పమంటే మొదట కారణాన్ని విచారిస్తారు, తరువాత మనిషిని విచారిస్తారు, కాగితం బీరువాలోనే ఉండిపోతుంది. 2019 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బాబ్డే కూడా ఈ చట్టం బెదిరింపులకు వాడుతున్నారని విచారణలో వ్యాఖ్యానించారు. బెదిరించేవాళ్లు ఉన్నారు. నేనూ చూశాను. బెదిరింపును నేరంగా పట్టుకోవడానికి వేరే చట్టాలున్నాయి. మస్టరు ఇవ్వకపోవడం అందుకు మందు కాదు.

అమెరికాలోనూ ఎందుకని అడగని చట్టం ఒకటుంది. కానీ అది తిరగబడిన చట్టం. 1917 నాటి గూఢచర్య చట్టం. అసాంజే మీద పెట్టిన 18 అభియోగాల్లో 17 దాని కిందివే. అన్నీ రుజువైతే 175 ఏళ్ల దాకా జైలు. ప్రజల మేలుకోసం బయటపెట్టాను అనే వాదన ఆ చట్టం ముందు నిలవదు. ఇది డేనియల్ ఎల్స్‌బర్గ్‌కు అనుభవం. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ఎలా బొంకాయో చెప్పే ఏడు వేల పేజీల పెంటగన్ పత్రాలను 1971లో పత్రికలకు ఇచ్చిన మనిషి ఆయన. విచారణలో ఆయన వకీలు, ‘ఎందుకు నకలు తీశారు?’ అని అడిగాడు. ప్రభుత్వం తరఫు వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఒప్పుకున్నాడు. ఎల్స్‌బర్గ్ జవాబు చెప్పకుండానే కూర్చోవాల్సి వచ్చింది.

అయితే కోర్టు అడగనివ్వని ప్రశ్నను శ్వేతసౌధం ఇంకో దారిలో అడిగింది. 1971 సెప్టెంబరు 3 రాత్రి నిక్సన్ మనుషులు బెవర్లీ హిల్స్‌లో ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుడి ఆఫీసు తలుపులు పగలగొట్టారు. ఆయన మనసులో ఏ రోగముందో, ఏ బలహీనత ఉందో దొరికితే బజారులో పెట్టడానికి. అది బయటపడటంతో 1973 మే 11న కేసు మొత్తం కొట్టేశారు. మనిషి గుణాన్ని తవ్వితే కాగితం విలువ పోతుందని అధికారంలో ఉన్నవాళ్లకు ఎంత గట్టి నమ్మకమో ఆ పగిలిన తలుపే సాక్ష్యం. తరువాతి రోజుల్లో ఎల్స్‌బర్గ్ మంచివాడు, అసాంజే చెడ్డవాడు అని పోల్చడం మొదలైంది. ఆ పొగడ్తను ఎల్స్‌బర్గ్ ఒప్పుకోలేదు. 2020 సెప్టెంబరులో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, వీడియో ద్వారా లండన్ కోర్టులో అసాంజే తరఫున సాక్ష్యం చెప్పారు. తన కాలంలో తననూ ఇలాగే తిట్టారని గుర్తుచేశారు.

మన దేశంలో ఈ ఆట నేను దగ్గరనుంచి చూశాను. 2011 మార్చిలో హిందూ పత్రిక మన దేశానికి సంబంధించిన అయిదు వేలకు పైగా కేబుళ్లు తెచ్చుకుని అచ్చువేయడం మొదలుపెట్టింది. 2008 జులై విశ్వాస పరీక్షకు ముందు ఎంపీల కోసం సిద్ధం చేసిన డబ్బు గురించిన కేబుల్ వచ్చిన రోజు పార్లమెంటు స్తంభించింది. ఇలాంటి నిర్ధారించలేని రాతల్ని పట్టుకుని మాట్లాడటం తగదని ప్రధాని మన్మోహన్‌సింగ్ సభలో అన్నారు. ప్రతిపక్షం ఆ రాతలనే చేతబట్టి రాజీనామా అడిగింది. పదిరోజులు తిరక్కుండా ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ అమెరికా దౌత్యవేత్తతో అన్నట్టున్న మాటల కేబుల్ వచ్చింది. అందులోని ఒక పదం తాను వాడలేదని, అది దౌత్యవేత్త సొంత మాట అని ఆయన అన్నారు. అది నిజం కూడా కావచ్చు. కేబుల్ అసలుదైనంత మాత్రాన అందులో రాసిందంతా జరిగినట్టు కాదు. ఒక దౌత్యవేత్త విన్నది, అనుకున్నది, పైవాళ్ల మెప్పుకోసం కాస్త మెరుగుపెట్టిందీ అందులో ఉంటుంది. ఆ తేడా చెప్పడమే మా డెస్క్ పని. మేం సగం రోజులు ఆ పని చేయలేదు. ఆంధ్రలో, తమిళనాడులో ఓటుకు నోటు ఎలా పంచుతారో చెన్నై కాన్సులేట్ రాసి పంపిన కేబుల్ కూడా ఆ నెలలోనే వచ్చింది. అది అమెరికావాళ్లు రాస్తేగాని తెలియని సంగతా? మన విలేకరులకు ప్రతి ఎన్నికల్లో కళ్లెదుట జరిగేదే. అదే మాట వాషింగ్టన్‌కు వెళ్లి తిరిగొస్తే పతాక శీర్షిక అయింది.

ఆ ఏడాది సెప్టెంబరులో మాయావతి వంతు. ఆమె ముంబయి నుంచి చెప్పుల జత తెప్పించుకోవడానికి ఖాళీ విమానం పంపారని ఒక కేబుల్‌లో ఉంది. అప్పుడామె ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి. అసాంజేకి పిచ్చి పట్టిందని, లేకపోతే తన ప్రత్యర్థులతో కలిశాడని, అతని దేశంలో చోటు లేకపోతే ఆగ్రా పిచ్చాసుపత్రిలో పెట్టిస్తానని ఆమె అన్నారు. దానికి ఆయన, విమానం పంపితే మంచి బ్రిటిష్ బూట్లు కూడా పట్టుకొస్తానని జవాబిచ్చాడు. దేశమంతా రెండు రోజులు ఈ మాటల్నే వేసుకుంది. మేమూ వేశాం, బొమ్మలతో. ఆ విమానం నిజంగా వెళ్లిందా లేదా అని లక్నో వెళ్లి లాగ్‌బుక్ అడుగుదామని మా పత్రికలో ఒక్కరికీ తోచలేదు. ఒక దళిత మహిళా నాయకురాలి మీద చెప్పుల కథ కాబట్టి ఇంకాస్త ఇష్టంగా నమ్మారన్నది కూడా నిజం. ఆ కోపానికి ఆమెకు హక్కుంది. పిచ్చాసుపత్రి మాట మాత్రం నాకు ఆ బెవర్లీ హిల్స్ తలుపును గుర్తుచేసింది.

ఇంతదాకా చదివి, ఈవిడ అసాంజే భక్తురాలనుకుంటే పొరపాటు. ఉద్దేశాన్ని తూచడం వేరు, చేసిన పనిని తూచడం వేరు. చేసిన పనుల్లో కొన్నింటికి నా దగ్గర క్షమాపణ లేదు.

2010 జులై 25న బయటపెట్టిన అఫ్గాన్ పత్రాల్లో అమెరికా సేనలకు సమాచారం చెప్పిన గ్రామస్తుల పేర్లు కొన్ని అలాగే ఉండిపోయాయి. పదిహేను వేల పత్రాలు ఆపామని వికీలీక్స్ అంది కానీ ఆపనివాటిలోనే పేర్లున్నాయి. ఆ పేర్లు చూస్తామని తాలిబాన్ ప్రతినిధి బాహాటంగా చెప్పాడు. ఆమ్నెస్టీ, ఇంకొన్ని మానవహక్కుల సంస్థలు పేర్లు తీసేయమని ఉత్తరం రాశాయి. వికీలీక్స్ చేతులకు నెత్తురు అంటి ఉండొచ్చని అమెరికా సేనాధిపతి మల్లెన్ అన్నారు. మూడేళ్ల తరువాత మానింగ్ విచారణలో, ఆ నష్టాన్ని లెక్కగట్టిన సైనికాధికారి రాబర్ట్ కార్, ఆ పత్రాల్లో పేరుండి దానివల్ల చంపబడ్డ మనిషిని ఒక్కరినీ చూపలేకపోయారు. అది ఊరటే. అయినా తన పేరు అచ్చులో చూసుకున్న అఫ్గాన్ రైతు ఆ మూడేళ్లు ఎలా నిద్రపోయాడన్నది ఏ కోర్టు రికార్డులోనూ ఉండదు. మా మావయ్య మస్టర్లు అడిగినప్పుడు, చచ్చినవాళ్ల పేర్లు చదివించాడు కానీ తనకు లోపలి సంగతి చెప్పిన కూలీ పేరు ఎవరికీ చెప్పలేదు. అంత మాత్రం ఇంగితం ఆయనకుంది.

ఆ రోజుల్లోనే లండన్‌లో ఒక రెస్టారెంటు బల్ల దగ్గర, వాళ్లు ఇన్ఫార్మర్లు, చస్తే చావనీ అన్నట్టు అసాంజే మాట్లాడాడని గార్డియన్ విలేకరులు రాశారు. తాను అనలేదని అసాంజే అన్నాడు. అదే భోజనంలో ఉన్న జర్మన్ పత్రిక విలేకరి జాన్ గెట్జ్ తాను అలాంటి మాట వినలేదని తరువాత చెప్పారు. ఒకే బల్ల, వినడమే వృత్తిగా బతికేవాళ్లు, రెండు జ్ఞాపకాలు. మనిషి గుణం మీద తీర్పు ఎంత పలచటి నేల మీద నిలబడుతుందో ఇక్కడ కనిపిస్తుంది. ఆ మాట అన్నాడో లేదో తేలకపోయినా, పేర్లు అచ్చయ్యాయన్నది తేలిన విషయం. నేను దాని మీదే నిలబడతాను.

2011 సెప్టెంబరులో అసాంజే మొత్తం కేబుళ్లను పేర్లు తీయకుండా కుమ్మరించాడు. గార్డియన్ విలేకరులు తమ పుస్తకంలో సంకేతపదం అచ్చువేయడంతో అప్పటికే ఫైలు బయట తిరుగుతోందని ఆయన వాదన. అందులో కొంత నిజముంది. అయినా ఆయనతో కలిసి పనిచేసిన అయిదు పత్రికలూ ఒక్కగొంతుతో ఖండించాయి. ఆ రోజుల్లోనే ఆయన సొంత సిబ్బంది ముందుకు ఒక ఒప్పందం వచ్చింది. లోపలి సంగతి బయటకు చెబితే కోటీ ఇరవై లక్షల పౌండ్లు కట్టాలి. జేమ్స్ బాల్ అనే కుర్రవాడు సంతకం పెట్టనని బయటికొచ్చేశాడు. అసాంజే ఆత్మకథ రాయడానికి కుదిరిన ఆండ్రూ ఓహేగన్ నెలల తరబడి పక్కన కూర్చుని చివరికి చెప్పింది కూడా ఇదే. లోకం రహస్యాలన్నీ విప్పిన మనిషి తన రహస్యాన్ని భరించలేకపోయాడని.

2016 మరీ కష్టం. ఆ ఏడాది వికీలీక్స్ బయటపెట్టిన డెమోక్రటిక్ పార్టీ ఈమెయిళ్లు దొంగిలించింది రష్యా సైనిక గూఢచారులని రెండేళ్ల తరువాత ప్రాసిక్యూటర్ మ్యూలర్ పన్నెండుమంది మీద అభియోగం పెట్టారు. ఈమెయిళ్లు అసలువే. వాటిలో ఉన్నది తెలుసుకునే హక్కు అమెరికా ఓటరుకు ఉంది. నేను డెస్క్‌లో ఉంటే వేసేదాన్నే. క్షమించలేనిది ఇంకొకటి. వాషింగ్టన్‌లో హత్యకు గురైన ఒక యువ పార్టీ ఉద్యోగి తనకు ఆ ఈమెయిళ్లు ఇచ్చాడేమోనన్న అర్థం వచ్చేలా అసాంజే టీవీలో సూచనగా మాట్లాడాడు. హంతకుల ఆచూకీకి వికీలీక్స్ ఇరవై వేల డాలర్ల బహుమానం ప్రకటించింది. ఆ సూచన అబద్ధమని మ్యూలర్ నివేదిక తేల్చింది. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఆ కట్టుకథతో పోట్లాడవలసి వచ్చింది. పారదర్శకత పేరు పెట్టుకున్న మనిషి ఆ ఇంట్లో చీకటి నింపాడు. ఎందుకు చేశాడన్నది నాకు అనవసరం. చేశాడు.

ఇక స్వీడన్. ఇక్కడే నాకు గొంతు పట్టేస్తుంది. అసాంజే మొదటినుంచీ ఆరోపణల్ని కాదన్నాడు. అమెరికాకు అప్పగిస్తారనే భయం ఉత్త సాకని అప్పట్లో చాలామంది అన్నారు. 2019లో అభియోగపత్రాలు బయటపడ్డాక అది సాకు కాదని తేలింది. కానీ ఆయన భయం నిజమైతే ఆ ఇద్దరి మాట అబద్ధమైపోదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఆయన 2012 జూన్ 19న లండన్‌లోని ఈక్వెడార్ రాయబార కార్యాలయంలోకి వెళ్లి దాదాపు ఏడేళ్లు బయటికి రాలేదు. ఈలోగా 2015లో కొన్ని ఆరోపణలకు కాలం చెల్లింది. 2019 నవంబరు 19న మిగిలిన దర్యాప్తూ మూసేశారు. మూసేస్తూ స్వీడన్ ప్రాసిక్యూటర్ చెప్పిన మాట ఒకటుంది. ఫిర్యాదుదారు వాంగ్మూలం నమ్మదగినదిగానే ఉంది, కానీ ఇన్నేళ్లు గడిచేసరికి సాక్ష్యం బలహీనపడింది అని. అభియోగం పెట్టలేదు. విచారణ జరగలేదు. ఆయన నిర్దోషి అని తేలే అవకాశం ఆయనకూ పోయింది, తమ మాట వినిపించే అవకాశం వాళ్లకూ పోయింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, వాళ్లను ఎవరో పంపారని ఒక తెలుగు డెస్క్‌లో కూర్చుని నేను తీర్పు చెప్పేశాను. మా మావయ్యను ఊరు అడిగిన ప్రశ్నే నేను వాళ్లను అడిగాను. నీకెందుకు? నిన్ను ఎవరు పంపారు?

2019 ఏప్రిల్‌లో రెండు రోజులు పక్కపక్కన పడ్డాయి. పదో తేదీన మన సుప్రీంకోర్టు రఫేల్ యుద్ధవిమానాల కేసులో, పత్రికలో వచ్చిన రక్షణశాఖ పత్రాలు దొంగిలించినవి కాబట్టి చూడకూడదన్న ప్రభుత్వ అభ్యంతరాన్ని కొట్టేసింది. పత్రం ఎలా వచ్చిందని కాదు, విషయానికి సంబంధించిందా లేదా అని చూడాలంది. మరునాడు లండన్‌లో గడ్డం పెరిగిన అసాంజేని పోలీసులు రాయబార కార్యాలయం నుంచి మోసుకొచ్చి వ్యాన్ ఎక్కించారు. ఆ రోజు మనకు పోలింగ్. ఆంధ్రలో ఓటింగ్ యంత్రాలు మొరాయించి కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా క్యూలు. పేజీలన్నీ పోలింగ్‌కే పోయాయి. అసాంజే అరెస్టుకు నాకు ఒక సింగిల్ కాలమ్ దొరికింది. అందులో ‘గూఢచారి’ అని రాయలేదు, ‘వీరుడు’ అని కూడా రాయలేదు. ‘వికీలీక్స్ వ్యవస్థాపకుడి అరెస్టు’ అని మాత్రం పెట్టాను. రఫేల్ తీర్పు వార్త అంతకు ముందురోజే వెళ్లిపోయింది. రెండింటినీ పక్కపక్కన వేయలేకపోయానని ఇప్పటికీ బాధ.

తరువాత అయిదేళ్లకు పైగా బెల్‌మార్ష్ జైలు. 2024 జూన్ 26న పసిఫిక్ మహాసముద్రంలో సైపాన్ అనే దీవిలోని అమెరికా కోర్టులో ఒక్క అభియోగం ఒప్పుకుని, అప్పటికే అనుభవించిన శిక్షతో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఆయన పని వల్ల దెబ్బతిన్న ఫలానా బాధితుడని ప్రభుత్వం ఎవరినీ చూపలేదని జడ్జి రమోనా మంగ్లోనా ఆ రోజు ప్రస్తావించారు. కానీ సమాచారం సంపాదించి అచ్చువేయడాన్ని నేరంగా ఒప్పించిన కాగితం ఒకటి ఇప్పుడు అమెరికా కోర్టు బీరువాలో ఉంది. ఆయన మేజోళ్ల గురించి, ఆడవాళ్ల గురించి, రష్యా గురించి వాదించుకుంటున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ కాగితం సంగతి పట్టలేదు. రేపు అది ఇంకో విలేకరి ముందుకు తెచ్చి పెడతారు. ఆ విలేకరి ఉతికిన మేజోళ్లు వేసుకుని ఉంటాడు, రోజూ స్నానం చేస్తాడు, తల్లిని బాగా చూసుకుంటాడు. అప్పుడు కూడా ఆ చట్టం ఎందుకని అడగదు.

క్లాసుకు వెళ్లేటప్పుడు నా సంచీలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి మా అమ్మ బీరువాలో దొరికిన మస్టరు నకలు. వేలిముద్ర ఉన్నచోట మడత పడి నలిగింది. రెండోది 2010 డిసెంబరు 8 నాటి మా పేజీ. రెండోదే ముందు పంచుతాను. శీర్షిక చదివి కుర్రాళ్లు కొందరు నవ్వుతారు. ఆడపిల్లలు సాధారణంగా నవ్వరు. పోయిన నెల ఒక అమ్మాయి పేజీని కళ్ల దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. ‘మేడమ్, ఆగస్టు అని ఇక్కడ ఉంది కదా’ అంది, నాలుగో పేరా మీద వేలు పెట్టి. ‘మరి పైన ఇలా ఎవరు పెట్టారు?’

నేనే అని చెప్పాను.